ఒక్క గడి ఎడం

తొంభైల మొదట్లో నేను నల్లగొండలో ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ని. అక్కడ బోరు మోటర్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు తయారయ్యేవి. పొలాల్లో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియని కాలం అది. కరెంటు రాగానే మోటరును తనంతట తానే నడిపించి, మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆపేసే ఇనుప డబ్బా మాది. దాని లోపల అరచేతి కంటే కొంచెం పెద్ద పలక ఉంటుంది. పలక మీద రాగి దారులుంటాయి. ఆ దారులు గీయడం నా పని.

ఆ పనికి నేను ఏ బడిలోనూ చదువుకోలేదు. పదో తరగతి కాగానే ఇంట్లో మగ్గం మీద కూర్చున్నాను. కరెంటు గురించి నాకు తెలిసిందంతా గ్రంథాలయంలోనే తెలిసింది. తలుపులు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేవాణ్ని. అట్టలూడిన పాలిటెక్నిక్ పుస్తకాలు ఒక అర నిండా ఉండేవి. ఇంగ్లిషు పుస్తకమైతే ఒక్క పేజీకి ఒక పూట పట్టేది, పక్కన నిఘంటువు తెరిచిపెట్టుకుని చదవాలి కాబట్టి. ఆ అర మొత్తం రెండుసార్లు చదివాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. డిగ్రీ చదివినవాళ్లు మా షెడ్డుకు వచ్చి ఏదైనా తప్పు మాట్లాడితే, ఏ పుస్తకంలో ఏముందో చెప్పి సరిదిద్దేవాణ్ని. వాళ్లు వెళ్లిపోయాక ఉస్తాద్ నవ్వేవాడు.

ఉస్తాద్ అంటే మా షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ముస్లిం పెద్దమనిషి. డబ్బాలకు చివరి పని కూడా ఆయనదే. పలకను డబ్బాలో స్క్రూలతో బిగించి, చుట్టూ సందులు మూసి, పైన వేడి డాంబరు పోసేవాడు. నల్లగా, నిండుగా, అద్దంలా గట్టిపడేది. అది మా పనిలో ఉన్న ఆచారం. డాంబరు పోయకపోతే పక్క ఊరివాళ్లు ఒక డబ్బా కొనుక్కెళ్లి, విప్పి చూసి, నెల తిరక్కుండా అలాంటివే అమ్ముతారు. డాంబరు పై వైపుకే పోసేవాళ్లం. రాగి ఉన్న కింది వైపు డబ్బా అడుగు రేకు మీదికి ముఖం పెట్టి ఉండేది. అటు గాలి, తేమ వెళ్తాయి గానీ మనిషి కన్ను వెళ్లదు.

మా సారు, అంటే షెడ్డు యజమాని, హైదరాబాద్ నుంచి ఒక వాడిన కంప్యూటర్ తెచ్చాడు. పలకలు గీసే ప్రోగ్రాం నాలుగు ఫ్లాపీల్లో వచ్చింది. దానితోపాటు జిరాక్సు తీసిన కొన్ని కాగితాలు వచ్చాయి, మధ్యలో చాలా పేజీలు లేవు. అంతకుముందు నల్ల టేపు ముక్కలు కోసి ఫిల్ము మీద అంటించేవాళ్లం. కంప్యూటర్ నేర్చుకుంటానని నేనే ముందుకు వచ్చాను. పుస్తకం ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు అనుకునేవాణ్ని.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది రీజియన్. ఎర్త్ కోసం పలక మీద పెద్ద జాగా అంతా రాగి నింపాలి. దానికి సరిహద్దు గీస్తే లోపలంతా నిండిపోతుంది. అట్లా నిండినదాన్ని ప్రోగ్రాంలో రీజియన్ అంటారు. గీయడం సులువే, గీసినదాన్ని మార్చడమే కష్టం. సరిహద్దులో మూల మూలకూ ఒక చుక్క ఉంటుంది. చుక్కను మౌస్‌తో పట్టుకుని జరిపితే మూల జరుగుతుంది. రెండు మూలల మధ్య గీతను పట్టుకుని గుంజితే అక్కడ కొత్త మూల పుడుతుంది. ఒక మూలను తీసేస్తే గీత తిన్నగా అయిపోతుంది. గీతలు ఒకదాన్నొకటి దాటితే మాత్రం ప్రోగ్రాం ఒప్పుకోదు. టుంగుమని ఒక చప్పుడు చేసి, చేసిన పనంతా పారేస్తుంది. ఈ నాలుగు సంగతులు తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

ఉస్తాద్ టీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడి చూసేవాడు.

"గెట్టు జరుపుతున్నవా బేటా? పక్క పట్టాదారును అడిగినవా?"

"గీ పొలానికి పట్టాదారును నేనే ఉస్తాద్."

"అందరు గట్లనే అంటరు. ఎనక పంచాయితీ అయితది."

తెర మీద నల్లటి నేల, దాని నిండా చుక్కల గడులు. మౌస్ ఎక్కడ వదిలినా దగ్గరున్న చుక్క మీదే వాలుతుంది. అది చూసి నాకు ఇంటికి వచ్చినట్టు అనిపించింది. మా ఇంట్లో చీర డిజైను ముందుగా గ్రాఫు కాగితం మీద పడుతుంది. ఒక గడి అంటే ఇన్ని దారాలు అని లెక్క. ఆ లెక్కను చూసి నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. గడికి పొడవు, వెడల్పు అని ఏమీ ఉండవు. అదే కాగితంతో రుమాలు నేయొచ్చు, దుప్పటి నేయొచ్చు. ఎంత పెద్దదన్నది మగ్గం మీద నూలు చెబుతుంది. రెండు రంగులు కలవకూడదంటే మధ్య ఒక్క గడి వదిలేస్తాం. చిన్నప్పటి నుంచి నేను చేసింది గడులు లెక్కపెట్టడమే. స్కేలు పట్టి కొలవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

పలక మీద కూడా అలాగే, ఎర్త్ రీజియన్‌కూ ఫేజు దారికీ మధ్య ఒక్క గడి వదిలాను. అప్పుడు గడి అంటే అంగుళంలో పదోవంతు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఎంత ఎడం ఉండాలో పుస్తకంలో చదివాను, కంఠతా వచ్చు, సారుకు అప్పజెప్పాను కూడా. ఆ ఎడం సరిపోతుంది.

రోహిణి ఎండల్లో ఒకరోజు సారు వచ్చి, డబ్బాలు చేసే ఆయన కొత్త అచ్చు తెచ్చాడని, స్క్రూ రంధ్రం కొంచెం పక్కకు జరిగిందని చెప్పాడు. ఆ స్క్రూ ద్వారానే ఎర్త్ రీజియన్ డబ్బాకు తగులుతుంది. కాబట్టి రీజియన్ ఒక మూలను స్క్రూ దాకా లాగాలి. పెద్ద గడుల్లో ఆ మూల సరిగా కూర్చోలేదు. అందుకని గడిని సన్నం చేశాను. అంగుళంలో నూరోవంతు. బొమ్మను దగ్గరికి తెచ్చుకున్నాను. తెర మీద గడులు మళ్లీ ఎప్పటిలాగే కనిపించాయి, అంతే వెడల్పుగా, అంతే ఖాళీగా. మూలను స్క్రూ చుట్టూ చక్కగా వంచి, ఫేజు దారికి ఒక్క గడి వదిలి, బొమ్మను సేవ్ చేశాను.

ఆ బొమ్మతో తీసిన ఫిల్ముతో ఇరవై పలకలు వచ్చాయి. ఉస్తాద్ మొదటి పలకను కళ్లద్దాల దగ్గర పెట్టుకుని తిప్పి చూశాడు.

"గీడ జర దగ్గర అయినట్టున్నది గదా."

నేను లేచి చూడలేదు. "ఒక్క గడి ఇడిచిన ఉస్తాద్. కంప్యూటర్ తప్పు లెక్క పెట్టదు" అన్నాను.

"సరే బేటా, సదువుకున్నోడివి" అని ఆయన డాంబరు పొయ్యి మీద పెట్టాడు.

ఇరవై డబ్బాలూ షెడ్డులో మూడు ఫేజుల కరెంటు పెట్టి పరీక్షించాం. ఒక్కటీ తప్పు చేయలేదు. పది హుజూర్‌నగర్ దిక్కు పోయాయి, తొమ్మిది మహబూబ్‌నగర్ దిక్కు పోయాయి. ఒకటి కేతేపల్లి దగ్గర మా అక్క వాళ్ల బోరుకు నేనే తీసుకెళ్లి బిగించి వచ్చాను.

పదిహేను రోజుల తరువాత ఇంకో మార్పు కోసం అదే బొమ్మను తెరిచాను. ప్రోగ్రాం కొత్తగా తెరిచినప్పుడల్లా గడి మొదటి పెద్ద కొలతకే వచ్చేస్తుంది. రీజియన్ మూలల్లో ఒకటి చుక్కల మీద లేదు, చుక్కల మధ్య వేలాడుతోంది. ఎందుకా అని చూస్తే, ఎర్త్ రాగి, ఫేజు రాగి తెర మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. దగ్గరికి తెచ్చుకుంటే మధ్యలో సన్నటి నల్ల గీత. నూలుపోగంత ఎడం.

సన్నం చేసిన గడుల్లో నేను వదిలిన ఒక్క గడి అంగుళంలో నూరోవంతే. ఎండాకాలం పొడి గాలిలో ఆ ఎడం సరిపోయింది. వాన పడి మోటరు గదిలో చెమ్మ చేరితే, పలక మీద పూసిన పలచటి వార్నిషు దాన్ని ఆపలేదు. ఫేజు ఎర్త్‌లోకి దూకుతుంది. ఎర్త్ డబ్బాకు తగిలి ఉంది. డబ్బాకు భూమిలోకి తీగ ఉంటే ఫ్యూజు పోయి ఊరుకుంటుంది. కానీ ఆ తీగ వేసే రైతు వందలో ఒకడు ఉండడు. మా బావ వేయలేదని నాకు తెలుసు, నేనే చూశాను, వేయమని చెప్పి వదిలేశాను. తీగ లేకపోతే డబ్బా మొత్తం కరెంటు పట్టుకుని కూర్చుంటుంది, ఎవరైనా ముట్టే దాకా.

మా అక్క రోజూ ముట్టేది.

ఉస్తాద్‌కు చెప్పాను. విప్పి సరిచేయొచ్చేమో చూద్దామని ఆయన షెడ్డులో మిగిలిన ఒక పాత డబ్బా తెచ్చి, ఉలిని పొయ్యిలో కాల్చి డాంబరు తవ్వాడు. స్క్రూ కనిపించేసరికి దాని పక్కనున్న సామానంతా డాంబరుతో పాటు ఊడి వచ్చింది.

"మల్ల తీయనీకి కాదు బేటా డాంబరు పోసేది" అన్నాడు.

సారు దగ్గరికి వెళ్లాను.

"సారూ, గా ఇరవై డబ్బాలు వాపసు తెప్పియ్యాలె."

"ఎవడన్న కంప్లైంట్ ఇచ్చిండా?"

"ఇయ్యలె. వానలు పడితే డబ్బాకు షాకొస్తది."

"వానలు పడ్డంక మోటరు ఎవడు పెడ్తడయ్యా?" అని నవ్వాడు.

నేను బొమ్మ చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. నవ్వడం మానేశాడు. ఆ రెండు దిక్కుల డీలర్లకు ఫోను చేశాడు. ఇద్దరూ ఒకటే మాట, అన్నీ అమ్ముడుపోయాయి, ఎవరు తీసుకెళ్లారో రాసుకోలేదు. సారు ఫోను పెట్టేసి, "కొత్తవాటికి సరిజెయ్. పోయినవాటికి నేనేం జేద్దు?" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. గీసింది నేను.

ఆ మధ్యాహ్నమే కేతేపల్లి బస్సెక్కాను.

అక్క నన్ను చూసి చేతిలో చాట కింద పెట్టింది. "ఏంది తమ్మీ, చెప్పకుండ వచ్చినవ్? అమ్మ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

బావ మంచం మీద నుంచి లేచాడు. ఆయన మగ్గం మానేసి, ఉన్న భూమిలో బత్తాయి పెట్టాడు. చెట్లు ఆ ఏడే మొదటి కాపుకు వచ్చాయి. "వచ్చిండు ఇంజినీరు. ఏం బామ్మర్దీ, డబ్బా చూసుకునేతందుకు వచ్చినవా, అక్కను చూసేతందుకా?"

డబ్బా రాకముందు అక్క పొద్దున్నే సద్ది కట్టుకుని మోటరు గది దగ్గరికి వెళ్లి కూర్చునేది. కరెంటు వస్తే నొక్కాలి, పోయి మళ్లీ వస్తే మళ్లీ నొక్కాలి. ఇప్పుడు మోటరు దానంతట అదే నడుస్తుంది. తోటలో ఒక పక్క తడిశాక ఆపి, వాల్వు తిప్పి, రెండో పక్కకు వదలడానికి మాత్రం వెళ్తుంది. ఆపే బొత్తాం డబ్బా మీదే ఉంది. కాలువలో కాళ్లు తడుపుకుంటూ, చెప్పుల్లేకుండా వెళ్లి ఆ బొత్తాం నొక్కేది. వాడకట్టులో అందరికీ చెప్పుకుంది, మా తమ్ముడు చేసిన డబ్బా అని.

"డబ్బా తీస్కపోత బావా. కొత్తది తెచ్చి పెడ్త" అన్నాను.

"ఎన్ని రోజులకు?"

"ఇరవై రోజులైతది."

"ఇరవై రోజులు నీళ్లు లేకుంటే పిందె నిలవడ్తదా? పాత స్టార్టర్ మా అన్నకిచ్చిన. మంచిగ నడిచేదాన్ని ఎందుకు ఇప్పుతవ్?"

"వానకు జర తకలీఫ్ ఇస్తది."

"వాన రానియ్, చూద్దాం."

నేను చెప్పాల్సిన మాట అది కాదు. ముట్టుకుంటే చచ్చిపోతారు అని చెప్పాలి. నేను తప్పు గీశాను అని చెప్పాలి. బావ ముందు ఆ మాట అనలేదు. ఊళ్లో నన్ను పుస్తకాలోడు అని పిలిచేవాళ్లు, వెక్కిరింతగానే అయినా, ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది. చెప్పడానికి బదులు గడ్డపార తీసుకుని మోటరు గది పక్కన ఎర్త్ గుంత తవ్వడం మొదలుపెట్టాను. మూరెడు లోతుకు రాయి తగిలింది. ఇంకోచోట తవ్వాను. అక్కడా రాయే. బోరు పైపుకు తీగ కడదామంటే అది ప్లాస్టిక్కు. పొద్దుగూకే దాకా నాలుగు చోట్ల తవ్వాను. బావ గట్టు మీద కూర్చుని చూస్తూ, "లంకెబిందెలు దొరికితే సగం నాకియ్యాలె" అన్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ, అక్క ఒక్కతే ఉన్నప్పుడు చెప్పాను. "అక్కా, డబ్బా గీసుట్ల నేను తప్పు జేసిన. వాన పడితే దాన్ని ముట్టొద్దు. ముడితే పాణం పోతది."

అక్క నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "నీకు తప్పొస్తదారా? గన్ని పుస్తకాలు చదివినవ్. ఊకె భయపడ్తవ్ నువ్వు, చిన్నప్పటి సంది గంతే."

"నిజం చెప్తున్న."

"సరే, ముట్ట తియ్. తిను."

తెల్లారేసరికి రేకుల మీద వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. పక్కన బావ నిద్రపోతున్నాడు. అక్క ఇంట్లో లేదు. పొయ్యి వెలిగించి లేదు. తలుపు దగ్గర ఆమె చెప్పులున్నాయి.

బనీను మీదే తోట దాకా పరుగెత్తాను. అక్క గట్టు మీద ఎదురొచ్చింది. తల మీద యూరియా సంచి కప్పుకుని ఉంది. కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏడికి ఉరుకుతున్నవ్? కరెంటొచ్చింది, వాన పడంగ నీళ్లెందుకని ఆపొచ్చిన."

"దేనితోని ఆపినవ్?"

"చేత్తోని. మరి దేనితోని ఆపుతరు?" అని చెయ్యి చూపించింది. తరువాత దాన్నే చూసుకుంటూ, "ఏలు జర జుమ్ముమన్నది. చలికనుకున్న" అంది.

బొత్తాం ప్లాస్టిక్కుది. ఆమె వేలు దాని మీదే పడింది. పక్కనే రేకు, వేలి మందం దూరంలో.

ఈలోగా బావ వెనకే వచ్చాడు. నా ప్యాంటు జేబులో టెస్టర్ ఉంది. గది గడపలో ఎండు చెక్క మీద నిలబడి, టెస్టర్ మొన డబ్బా రేకుకు ఆనించాను. లోపల చిన్న దీపం వెలిగింది. గుడ్డిగా కాదు, ఎర్రగా, నిండుగా. బావ నా భుజం మీదుగా చూశాడు. టెస్టర్ తీసి మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ వెలిగింది. ఆయన కర్రతో స్తంభం దగ్గర మెయిను దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు.

అక్క వానలోనే నిలబడి ఉంది.

"గిట్లాంటియి ఇంకెన్ని ఉన్నయ్ తమ్మీ?"

"పందొమ్మిది."

"ఎవరిండ్లల్ల?"

నేను డబ్బా స్క్రూలు విప్పుతూ ఉండిపోయాను.

బావ ఆ రోజే తన అన్నను బతిమాలి పాత స్టార్టర్ తెచ్చుకున్నాడు. అక్క మళ్లీ సద్ది కట్టుకుని మోటరు గది దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. బావ కూడా ఇంజినీరు అనడం మానేశాడు. అన్నా బాగుండు అనిపించేది.

ఆ వానాకాలమంతా సెలవు రోజుల్లో తిరిగాను. హుజూర్‌నగర్‌లో బస్సు దిగి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచి, కనబడ్డ మోటరు గదినల్లా తొంగి చూశాను. మా డబ్బాకు నీలం రంగు, అందుకని దూరం నుంచే తెలిసేది. ఆ దిక్కున ఆరు దొరికాయి. నాలుగింటికి టెస్టర్ వెలిగింది, చూపించగానే తీసేశారు. రెండింటికి వెలగలేదు. ఆ రోజు గాలి పొడిగా ఉంది. వెలగని చోట నా మాటలే మిగిలాయి. రైతు నా మాటలు విని, నడిచే మోటరు వైపు చూసి, తల అడ్డంగా ఊపేవాడు.

మహబూబ్‌నగర్ దిక్కు నాకు ఊళ్లు తెలియవు. అక్కడ రెండే దొరికాయి. రెండోది పల్లి చేను గట్టు మీద, తడికెలతో కట్టిన గదిలో ఉంది. ఒక ముసలావిడ ఒక్కతే ఉంది. కొడుకు పనికి వేరే ఊరు పోయాడట. టెస్టర్ పెట్టాను, వెలగలేదు. అయినా చెప్పాల్సిందంతా చెప్పాను.

"నువ్వెవరివి బిడ్డా?" అని అడిగింది.

"గీ డబ్బా గీసింది నేనే అవ్వా."

"చేసినోడివే చెడ్డదంటున్నవా? మంచిగ నడుస్తాంది. దాని జోలికి పోకు."

విప్పుతానంటే ఒప్పుకోలేదు. కొడుకు వచ్చాక చెబుతానంది. కొడుకు ఎప్పుడొస్తాడో ఆమెకే తెలియదు. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. నేను నా హవాయి చెప్పులు విడిచి గది గడప దగ్గర పెట్టి, డబ్బాను ముట్టే ముందు ఇవి తొడుక్కోమన్నాను.

"గివి నాకు పెద్దగైతయి గద" అని నవ్వింది.

"పెద్దగైనా సరే అవ్వా. ఒట్టి కాళ్లతోని పోకు."

నా మాట కాదనలేక కాళ్లు వాటిలో దూర్చి, రెండు అడుగులు ఈడ్చుకుంటూ వేసింది. గడప దగ్గరికి రాగానే అవి జారిపోయాయి. వాటిని అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి, నేను వద్దు వద్దంటుండగానే డబ్బా నెత్తిన అరచెయ్యి మోపి నా వైపు తిరిగింది.

"ఏం గాలె, సూడు."

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది.